ఆడవాళ్ళ వ్యాయామశాలా, అందరి జిమ్మా?

ఈ నెల మేము ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెట్టవలసి ఉన్నది.

పోయిన సంవత్సరం ఈస్టరు పండుగ అయిన వారములో అమెరికాలోని టెక్సాస్ నుండి మాకు ఫోను వచ్చింది. మాట్లాడినది మా సంఘపు ఆడబిడ్డ. పదహారేళ్ళ క్రితం, మేము పరిచర్యలోకి వచ్చిన కొత్తలో, ఆమె పెళ్ళి మా చేతుల మీదుగానే జరిగింది. భర్త కంప్యూటరు ఉద్యోగి. ఆమె కూడా ఇంట్లో కూర్చుని కంప్యూటరు పనే చేస్తుంది. ఇద్దరు పిల్లలు. వయసు నలభై దాటింది. డాక్టరు రక్తపరీక్ష చూసి, షుగరు గీత దగ్గరకు వచ్చిందనీ, ఇప్పుడే జాగ్రత్తపడకపోతే మాత్రలు తప్పవనీ చెప్పారట. ఆమె తండ్రి మా ఊళ్ళో షుగరుతోనే కాలు పోగొట్టుకుని, రెండేళ్ళు మంచాన ఉండి కన్నుమూశారు. అందువలన ఆ మాటకు ఆమె చాలా భయపడింది.

ఆమె అడిగినది చిన్న ప్రశ్న. వాళ్ళ ఇంటికి దగ్గరలో రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి ఆడవాళ్ళకు మాత్రమే. గుండ్రముగా పెట్టిన మెషిన్ల మీద అర గంట చుట్టు తిరిగి ఇంటికి వచ్చేయవచ్చు. రెండవది మామూలు పెద్ద జిమ్ము. మగవాళ్ళు, ఆడవాళ్ళు అందరూ వస్తారు, ఇనుప బరువులు ఎత్తుతారు. నెల రుసుము పెద్ద జిమ్ములోనే తక్కువ గనుక భర్త అక్కడికే వెళ్ళమన్నాడు. అత్తగారు మాత్రం, పరాయి మగవాళ్ళ మధ్య ఆడది బరువులెత్తడమేమిటి అన్నారు. "అయ్యగారూ, మీరేమంటారు?" అని ఆమె అడిగింది.

మేము ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "ఆడవాళ్ళ చోటికే వెళ్ళమ్మా, ఇందులో అడగడానికేముంది?" అన్నాము. మంచి సలహా ఇచ్చామనుకుని ఫోను పెట్టేశాము.

రెండు నెలల క్రితం ఒక ఆదివారం, ఆరాధన అయిపోయి అందరూ వెళ్ళిపోయిన తరువాత ఆ సహోదరి తల్లి వెనుక బల్ల దగ్గర నిలబడి ఉన్నది. దగ్గరకు వెళితే కొంగు నోటికి అడ్డము పెట్టుకుని, "అయ్యగారూ, మా అమ్మాయి మీ మాట దాటిందండి. ఆ ఆడవాళ్ళ చోటు మానేసి పెద్ద జిమ్ముకు వెళుతోందట. మీకు తెలిస్తే బాధపడతారని చెప్పొద్దంది" అన్నది.

మాకు బాధ కలిగింది గానీ ఆ బిడ్డ మీద కాదు. తండ్రికి వచ్చిన జబ్బు తనకు రాకుండా చూసుకుంటున్న ఒక తల్లి, ఆ సంగతిని పాపము దాచినట్టు తన కాపరి దగ్గర దాచింది. దానికి కారణము మా తొందరపాటు. ఆ రాత్రే ఫోను చేసి, "అమ్మా, మేము వినకుండానే జవాబు చెప్పాము. ఇప్పుడు చెప్పు, వింటాము" అన్నాము. ఆమె చెప్పినదీ, ఆ తరువాత మేము చదివి తెలుసుకున్నదీ ఈ నెల మీ ముందు పెడుతున్నాము.

ఆమె చెప్పిన సంగతి

"ఆడవాళ్ళ చోటు చెడ్డదేమీ కాదండి. అది లేకపోతే నేను అసలు మొదలే పెట్టేదాన్ని కాదు" అన్నది ఆమె. వారానికి మూడు రోజులు, ఏడు నెలలు అక్కడికి వెళ్ళింది. మొదటి వారము మెట్లెక్కితే ఆయాసము. రెండు నెలలకు ఆయాసము పోయింది. అక్కడికి వచ్చేవారిలో డెబ్బై ఏళ్ళ అమ్మమ్మలు ఉన్నారు, రిటైరైన టీచర్లు ఉన్నారు. ఎవరూ ఎవరినీ తేరిపార చూడరు. నాలుగు కిలోల బరువు తగ్గింది. షుగరు కొద్దిగా దిగింది.

అయిదవ నెల నుండి ఇంక మార్పు లేదు. అవే మెషిన్లు, అదే తోపు. బరువు పెంచవచ్చునా అని అక్కడున్నామెను అడిగితే, ఇంకా వేగముగా తొయ్యండి, పెంచే వీలు ఈ మెషిన్లలో లేదు అన్నదట. తరువాతి పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరు కూడా, ఇక బరువులెత్తడం నేర్చుకుంటే మంచిది అన్నారు. పెద్ద జిమ్ముకు వెళ్ళిన మొదటి రోజు కారు దిగకుండా ఇరవై నిమిషాలు బయటే కూర్చున్నదట. లోపలికి వెళ్ళి, ఆడ ట్రైనరు ఉన్నదా అని అడిగి, ఆమె దగ్గర నాలుగు రకాల ఎత్తుడు నేర్చుకున్నది. ఇప్పుడు వారానికి రెండు రోజులు అక్కడ, మిగతా రోజులు భర్తతో నడక. "మన ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తా నేనే ఎత్తి డబ్బాలో పోస్తానండి, ఈసారి వచ్చినప్పుడు చూడండి" అని నవ్వింది. మొన్నటి పరీక్షలో షుగరు గీత కిందికి వచ్చిందట. అది బరువుల వలన మాత్రమే అని మేము చెప్పము. అన్నము తగ్గించింది, నడుస్తున్నది. అయినా ఆ ఇంట్లో భయము తగ్గిన మాట నిజము.

చుట్టు వ్యాయామము ఎలా పుట్టింది

సర్క్యూట్ అంటే చుట్టు. ఒక వ్యాయామము కొంతసేపు చేసి, ఆగకుండా పక్కనున్న రెండవదానికి, మూడవదానికి వెళుతూ తిరిగి మొదటి చోటికి రావడం. 1953లో ఇంగ్లాండులోని లీడ్స్ విశ్వవిద్యాలయములో మోర్గన్, ఆండర్సన్ అనే ఇద్దరు అధ్యాపకులు విద్యార్థుల కొరకు ఈ పద్ధతి తయారుచేశారు. తక్కువ వేళలో ఎక్కువమంది ఒకేసారి చేయగలగడమే దాని మేలు.

దీనిని ఆడవాళ్ళకు మాత్రమే ఉద్దేశించి పెద్ద ఎత్తున నడిపినవారు అదే టెక్సాస్ రాష్ట్రములో హెవిన్ దంపతులు. 1992లో హార్లింజెన్ అనే ఊరిలో 'కర్వ్స్' అనే పేరుతో మొదటి కేంద్రము తెరిచారు. 1995 నుండి అదే పేరుతో, అదే పద్ధతిలో కేంద్రాలు నడుపుకునే హక్కు ఇతరులకు అమ్మారు. పదేళ్ళలో అవి అనేక దేశాలలో వేల సంఖ్యకు పెరిగాయి. తరువాత అమెరికాలో చాలా మూతపడ్డాయి. జపానులో మాత్రం 2005లో అడుగుపెట్టి నిలబడ్డాయి. 2018లో ఆ సంస్థను ఒక జపాను కంపెనీయే కొనుక్కున్నది. అక్కడ ఇప్పుడు సుమారు రెండు వేల కేంద్రాలున్నాయి, వచ్చేవారిలో యాభై దాటిన స్త్రీలే ఎక్కువ. మన సహోదరి వెళ్ళిన చోటు ఎవరిదన్నది ఇక్కడ అవసరము లేదు. ఈ పద్ధతిలో నడిచే చోట్లు ఇప్పుడు ఎన్నో పేర్లతో ఉన్నాయి.

ఆడవాళ్ళకు ఇది ఎందుకు నచ్చిందో ఆలోచించండి. అర గంటలో అయిపోతుంది, పిల్లలు బడి నుండి వచ్చే వేళకు ఇంట్లో ఉండవచ్చు. మగవాళ్ళు ఉండరు. ఏ మెషిను తరువాత ఏదో వెతుక్కోనక్కరలేదు. అర నిమిషానికి ఒకసారి మారమని గొంతు వినిపిస్తుంది, మారడమే. తోడుగా మరో పదిమంది ఉంటారు. లావుగా ఉన్నాననీ, ఏమీ రాదనీ సిగ్గుపడే మనిషికి ఇది చాలా పెద్ద సహాయము.

సైకిలు పంపూ, నీళ్ళ బిందే

ఇక మెషిన్ల సంగతి. ఇటువంటి చోట్ల తరచుగా హైడ్రాలిక్ మెషిన్లు పెడతారు. మోటారు సైకిలు షాక్ అబ్జార్బరులో ఉన్నట్టు గొట్టములో నూనె ఉంటుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు చూడండి, మెల్లగా నొక్కితే తేలికగా దిగుతుంది, గట్టిగా వేగముగా నొక్కితే ఎదురు తంతుంది. ఇదీ అంతే. ఎవరి శక్తికి తగినంత వారికి ఎదురు నిలుస్తుంది. మీద పడే బరువు లేదు గనుక దెబ్బ తగులుతుందన్న భయము తక్కువ, మరునాడు ఒళ్ళు నొప్పులూ తక్కువ. కొత్తవారికీ, పెద్ద వయసువారికీ ఇది మేలు.

అయితే నీళ్ళ బిందె వేరు. దానిని ఎత్తడమే కాదు, నడుము జాగ్రత్తగా వంచి మెల్లగా దింపాలి కూడా. దింపేటప్పుడు కూడా కండ పని చేస్తుంది, ఆ పని వలన కూడా బలపడుతుంది. పంపులో దింపే పని లేదు. ఇనుప బరువుకు దింపే పని ఉన్నది. పైగా బరువు మీద అంకె రాసి ఉంటుంది. ఈ నెల అయిదు కిలోలు, వచ్చే నెల ఏడున్నర అని తెలుస్తుంది. కండ గానీ ఎముక గానీ తాను మోస్తున్న బరువుకు అలవాటు పడిపోతుంది. ఆ బరువు మెల్లమెల్లగా పెరిగితేనే అవి ఇంకా బలపడతాయి. మన సహోదరికి అయిదవ నెలలో మార్పు ఆగిపోవడానికి ఇదే ముఖ్య కారణమని మాకు అనిపిస్తున్నది.

షుగరు ఉన్నవారు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. మనము అన్నము తిన్న తరువాత రక్తములోకి వచ్చే చక్కెరను ఎక్కువగా తీసుకుని దాచుకునేది కండలే. కండ తగ్గిపోయిన ఒంట్లో ఆ చక్కెరకు చోటు తక్కువ. అందుకే నడకతో పాటు కండకు పని చెప్పాలని వైద్యులు అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారము పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాలు చురుకైన నడక వంటి పని కావాలి, దానితో పాటు కనీసము రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామము కావాలి. అరవై అయిదు దాటినవారు పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు మూడు రోజులు చేయాలి. వారానికి మూడు అర గంటలంటే 90 నిమిషాలే. మిగతాది నడక ద్వారా పూర్తి చేసుకోవాలి.

మా అమ్మ సంగతి

మాకు ఈ మాటలు ఇంత లోతుగా తగలడానికి కారణము మా ఇంట్లోనే ఉన్నది. మూడేళ్ళ క్రితం మా అమ్మ పెరట్లో బట్టలు ఆరవేయబోయి జారింది. ఎత్తు నుండి పడలేదు, నిలబడినచోటనే కూలబడింది. తుంటి ఎముక విరిగింది. ఎముకలు గుల్లబారాయి, తొడల్లో కండ కరిగిపోయింది అని ఆపరేషను చేసిన డాక్టరు చెప్పారు. మేము నమ్మలేకపోయాము. మా అమ్మ వయసులో ఉన్నప్పుడు కాలువ నుండి రెండు బిందెలు, తల మీద ఒకటి చంకన ఒకటి, తెచ్చిన మనిషి. నాట్లలో ముందు వరుస ఆమెదే.

తరువాత అర్థమయింది. మేము పరిచర్యలోకి వచ్చి ఆమెను మాతో తెచ్చుకున్నప్పటి నుండి బకెట్టు ఎత్తనివ్వలేదు. "నువ్వు కూర్చోమ్మా" అన్నాము. సంఘములో ఎవరింటికి వెళ్ళినా ఆమెకు ముందు కుర్చీ వేశారు. పదిహేనేళ్ళు ప్రేమతో కూర్చోబెట్టాము. ఆమె బలమును మేమే తీసివేశాము. ఆపరేషను తరువాత నాలుగు నెలలు ఆమెను స్నానాల గదికి మా ఇంటావిడా, మేమూ చెరొక వైపు పట్టుకుని తీసుకువెళ్ళాము. ఆ రోజులలో ఆమె ఒకసారి, "నన్ను మీ మీద పడేశాడు దేవుడు" అన్నది. ఆ మాట మేము మరువలేదు.

స్త్రీలకు నెలసరి ఆగిపోయిన తరువాత ఎముక త్వరగా పలచబడుతుంది. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయమువారు అటువంటి 101 మంది స్త్రీలతో చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. కొందరికి నిపుణుల కళ్ళ ఎదుట వారానికి రెండుసార్లు, అర గంట చొప్పున, ఎనిమిది నెలలు పెద్ద బరువులు ఎత్తించారు. మిగతావారికి ఇంటి దగ్గర తేలికైన వ్యాయామము ఇచ్చారు. బరువులెత్తినవారి వెన్నెముకలో ఎముక సాంద్రత దాదాపు నూటికి మూడు వంతులు పెరిగింది, మిగతావారికి నూటికి ఒక వంతుకు పైగా తగ్గింది. ఇది చదివి ఎవరూ రేపు పొద్దున్నే బస్తా ఎత్తవద్దు. నేర్పేవారు పక్కనుండగా, చిన్న బరువుతో మొదలుపెట్టి పెంచిన సంగతి ఇది.

దేహ సాధన కొంచెమే ప్రయోజనకరమని పౌలు తిమోతికి రాసినదానిని పట్టుకుని కొందరు పెద్దలు వ్యాయామమును తోసివేస్తారు. మేమూ ఒకప్పుడు అలాగే ప్రసంగించాము. కానీ ఆ కొంచెము ప్రయోజనము ఉన్నదని అపొస్తలుడే ఒప్పుకున్నాడు కదా. తుంటి విరిగిన తల్లిని లేపి కూర్చోబెట్టినవారికి ఆ కొంచెము విలువ తెలుస్తుంది. జిమ్ము లోకసంబంధమైన చోటు అనేవారు చరిత్ర కూడా చూడాలి. 1844లో లండనులో పుట్టిన వై.ఎం.సి.ఎ. క్రైస్తవ యువకుల సంఘమే. 1891లో బాస్కెట్‌బాల్ ఆట అమెరికాలో వారి శిక్షణ పాఠశాలలోనే పుట్టింది. 1920లో మద్రాసులో వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసే పాఠశాల మొదలుపెట్టిన హ్యారీ క్రో బక్ గారు కూడా వై.ఎం.సి.ఎ. మనిషే. అయితే ఆ శాలలు మొదట యువకుల కొరకు కట్టినవి. మగవాళ్ళ కొలతలతో, మగవాళ్ళ అలవాట్లతో ఏర్పడిన చోట స్త్రీకి బెరుకు కలగడం తప్పు కాదు.

మరి ఏది ఎంచుకోవాలి

ఇప్పుడు అదే ప్రశ్న మళ్ళీ వస్తే మేము ఇలా చెబుతాము. సిగ్గు వలన గడప దాటలేకపోతుంటే ఆడవాళ్ళ చోటులోనే మొదలుపెట్టు. ఎన్నో ఏళ్ళుగా ఒళ్ళు కదలనివారికీ, మోకాళ్ళు పట్టేసినవారికీ, తోడు ఉంటేనే వెళ్ళగలవారికీ అది మంచి ప్రారంభము. కొన్ని నెలలు గడిచాక బరువు పెరిగే వీలు అక్కడ లేకపోతే, కృతజ్ఞత చెప్పి, ఉన్నచోటికి వెళ్ళు. అది మాట దాటడము కాదు, పెరగడము. సిగ్గు అడ్డము రానివారు నేరుగా జిమ్ముకే వెళ్ళవచ్చు, నేర్పే మనిషి మంచిదైతే చాలు. మూడవ దారి కూడా ఉన్నది. మన పట్టణాలలో కొన్ని జిమ్ములు రోజులో కొన్ని గంటలు ఆడవాళ్ళకే కేటాయిస్తాయి. ఇనుమూ ఉంటుంది, మర్యాదా ఉంటుంది.

డబ్బు కట్టే ముందు రెండు చోట్లకూ వెళ్ళి, మీరు వెళ్ళబోయే వేళలోనే ఒక గంట నిలబడి చూసి, ఈ అయిదు సంగతులు అడగండి.

1. ఇంటికి ఎంత దూరము? ఏ వేళ తెరుస్తారు? ఎంత మంచి చోటైనా వెళ్ళలేని దూరములో ఉంటే ప్రయోజనము లేదు.

2. నేర్పేది ఎవరు? ఆడ ట్రైనరు ఉన్నదా? మీ బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పి, కాన్పులు, ఆపరేషన్ల గూర్చి ఆమె అడిగిందా? ఏమీ అడగకుండా మెషిను మీద కూర్చోబెట్టేవారి దగ్గర జాగ్రత్త.

3. ఆరు నెలల తరువాత నేను ఇప్పటికంటే ఎక్కువ బరువు ఎత్తే వీలు ఇక్కడ ఉన్నదా? ఎవరైనా నా లెక్క రాసిపెడతారా?

4. డబ్బు ఎలా కట్టాలి? ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామంటే తొందరపడవద్దు. ఒక నెల కట్టి చూడండి. మానేయాలంటే ఏమి చేయాలో కాగితము మీద చదివి సంతకము పెట్టండి.

5. లోపల ఫోనుతో ఫొటోలు, వీడియోలు తీయనిస్తారా? మీకు ఇష్టమైన మర్యాదగల వదులు బట్టలతో రావచ్చునా? ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలి?

ఒక్క నెలలో పది కిలోలు తగ్గిస్తామనేవారినీ, వ్యాయామము కంటే పొడి డబ్బాలు ఎక్కువగా అమ్మేవారినీ విడిచిపెట్టండి. షుగరుకు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి, కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోవడానికి తీపి ఏదైనా దగ్గర ఉంచుకోవాలి. గుండె జబ్బు ఉన్నవారూ, గర్భిణులూ డాక్టరును అడగకుండా బరువులు ముట్టవద్దు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టవద్దు. గుండెలో నొప్పి వస్తే అక్కడే ఆపాలి.

మా ఊళ్ళో రెండూ లేవు గదా!

ఇది అమెరికావారి గొడవ, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఉండవలసినదానికంటే ఎక్కువ బరువున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో నూటికి 30 మంది. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. పరిశోధన దేశములో పది కోట్లకు పైగా షుగరు రోగులున్నారని లెక్కగట్టింది. ఊరైనా పట్టణమైనా ఏ వీధిలోనూ షుగరు మాత్రలు లేని వరుస కనబడదు.

పొలము పనికి వెళ్ళే సహోదరీలు, మాకు వేరే వ్యాయామమెందుకు అంటారు. పని ఉన్న రోజులలో ఆ మాట నిజమే. కానీ నాట్లూ కోతలూ ఏడాది పొడుగునా లేవు. రుబ్బురోలు స్థానములో మిక్సీ వచ్చింది, బావి స్థానములో మోటారు వచ్చింది. వీటిని మేము తప్పుపట్టడము లేదు. ఆడవాళ్ళ నడుములకు విశ్రాంతి రావలసినదే. ఒంట్లో నుండి పోయిన పనికి బదులు వేరొకటి పెట్టుకోవాలి అంటున్నాము.

లీడ్స్ అధ్యాపకుల చుట్టు వ్యాయామానికి ఖరీదైన మెషిన్లు అవసరము లేదు. రెండు నెలలుగా మా మందిర ఆవరణములో స్త్రీల సమాజమువారు మంగళవారము, శుక్రవారము సాయంత్రము దీనిని చేస్తున్నారు. ఆరు చోట్లు పెట్టుకున్నారు. మొదటిది, కుర్చీలో నుండి చేతుల సాయము లేకుండా లేచి మెల్లగా కూర్చోవడం. రెండవది, గోడకు రెండు చేతులు ఆనించి ఒంటిని ముందుకు వంచి వెనక్కు తొయ్యడం. మూడవది, నీళ్ళ డబ్బాలు రెండు చేతులా పట్టుకుని ఆవరణము ఆ చివర నుండి ఈ చివరకు నడవడం. నాలుగవది, మందిరపు మొదటి మెట్టు ఎక్కి దిగడం. అయిదవది, కిటికీ ఊచ పట్టుకుని మడమలు ఎత్తి దించడం. ఆరవది, అదే ఊచ పట్టుకుని ఒక్కొక్క కాలి మీద నిలబడడం. ఒక్కొక్క చోట నలభై సెకనులు. మా ఇంటావిడ గడియారము చూసి చప్పట్లు కొడుతుంది, అందరూ పక్క చోటికి మారతారు. మధ్యలో ఆయాసము తీర్చుకుంటూ మూడు చుట్లు. అర గంటలోపే అయిపోతుంది. నెల మొదట రెండు లీటర్ల సీసాలు పట్టుకున్నారు, ఇప్పుడు అయిదు లీటర్ల డబ్బాలు. బరువు పెరగాలి అన్న సంగతి మరచిపోలేదు.

మగవారికి ఒక మాట. మొదటి వారము పద్నాలుగుమంది వచ్చారు, మూడవ వారము తొమ్మిదిమందే. ఎందుకని అడిగితే, సాయంత్రము ఆయనకు టీ పెట్టాలండి, పిల్లలకు వండాలండి అన్నారు. ఆ ఆదివారము ప్రకటనల వేళ లేచి మేమే చెప్పాము. వారానికి రెండు సాయంత్రాలు ఆ అర గంట పొయ్యి దగ్గర మనము నిలబడాలి. తరువాత మంచము పక్కన ఏళ్ళ తరబడి నిలబడడము కంటే అది తేలిక. ఇప్పుడు పన్నెండుమంది వస్తున్నారు.

ఆ పన్నెండుమందిలో టెక్సాసు సహోదరి తల్లి ఉన్నది. కూతురు ఫోనులో, మోచేతులు వంచకుండా డబ్బా పట్టుకోమ్మా అని అక్కడి నుండి చెబుతుంటే ఈమె ఇక్కడ పట్టుకుంటున్నది. మా అమ్మ కూడా వస్తుంది. ఆమెకు డాక్టరు ఒప్పుకున్నంత వరకే, మొదటి చోటూ, అయిదవ చోటూ. మొదటి వారము కుర్చీ చేతులు పట్టుకుని రెండుసార్లు లేవగలిగింది. పోయిన శుక్రవారము చేతులు కట్టుకుని ఏడుసార్లు లేచింది. మేము అలవాటు చొప్పున చెయ్యి అందించబోతే, "ఉండు, నన్ను లేవనీ" అన్నది.

మీ ఊళ్ళో, మీ సంఘములో ఆడవాళ్ళకు ఇటువంటి చోటు ఏదైనా ఉంటే, లేక లేకపోవడము వలన వచ్చిన కష్టము ఏదైనా ఉంటే మాకు రాయండి. ఈసారి పూర్తిగా చదివిన తరువాతనే జవాబు చెబుతాము.